మడత విప్పని చీర

చీర మడత ఈ పొద్దు కూడా విప్పుకోలేదు.

నిన్న సాయంత్రం దీపం ముందు తాంబాళంలో ఎలా పెట్టారో అలాగే ఉంది. పసుపు రంగు చీర, ఎర్ర అంచు, దాని మీద రవిక గుడ్డ, గాజులు. మల్లెపూలు మాత్రం వాడి ముడుచుకుపోయాయి.

“సూసినావా?” అంది సుబ్బులమ్మ కొడుకు వైపు తిరిగి. కోడలితో నేరుగా మాట్లాడటం ఆమె ఎప్పుడో మానేసింది. “నా తల్లి ఈ ఇంటి చీర ముట్టనంటా ఉండాది. ఎందుకో అడుగు దాన్ని.”

‘దాన్ని’ అంటే వంటింటి గడప దగ్గర నిలబడిన మోహనను. ‘నా తల్లి’ అంటే కొడుకు ఏకాంబరం మొదటి భార్య పంకజాక్షిని. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు అంటారు. పంకజాక్షి బతికున్న రోజుల్లో ఆమె పెట్టిన చారు కూడా సుబ్బులమ్మ గొంతు దిగేది కాదని బైరాగిపట్టెడలో ఆ వీధి వీధంతా సాక్ష్యం చెప్తుంది. పోయిన మర్నాటి నుంచి ఆమె తల్లి అయింది, లక్ష్మి అయింది, నొప్పి వస్తే నొప్పి అని కూడా చెప్పకుండా కన్నుమూసిన మహాతల్లి అయింది.

ఏకాంబరం దేన్నీ అడగలేదు. వాచీ పెట్టుకున్నాడు, లాడ్జికి పొద్దు పోతుందన్నాడు.

ఈ ఊళ్ళో మొదటి భార్య పోయి రెండో భార్య వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఉన్నదే ఇక్కడా ఉంది. పోయినామె ముఖం అచ్చు వేసిన చిన్న బంగారు బిళ్ళ వచ్చినామె మెడలో తాళి పక్కన వేలాడుతుంది. సవతి బిళ్ళ అంటారు. అందులో ఆమె ఉంటుంది. గోడ మీద ఫొటోలో ఉన్నట్టు కాదు, నిజంగా ఉంటుంది. పలుకుతుంది, అలుగుతుంది, పులుసులో ఉప్పెక్కువైందంటుంది. ఆ గొంతు బిళ్ళ వేసుకున్న మనిషికి తప్ప ఇంకెవరికీ వినపడదు. ఆస్పత్రుల్లో స్కానింగ్ గది బయట ఈ బిళ్ళలు తీసి పెట్టడానికి వేరే బల్ల వేసి, పక్కన ఒక మనిషిని కూర్చోబెడతారు, ఒంటరిగా ఉంటే వాళ్ళు భయపడతారని. ఆటోవాళ్ళు మోహన లాంటి వాళ్ళు ఎక్కితే “ఇద్దరు ఎక్కినారు గదమ్మా” అని ఎగతాళి చేస్తారు.

ఆమె మాట నలుగురికీ వినపడే రోజు ఒక్కటే, కూతురి పెళ్ళి ముందు రోజు. దానికి రెండు మూడు రోజుల ముందు నుంచే సాయంత్రాలు దీపం ముందు కొత్త చీర పెడతారు. ఇష్టమైతే తెల్లారేసరికి మడత విప్పుకుని ఉంటుంది. దాన్ని రెండో భార్య కట్టుకుని కూర్చుంటే ఆమె నోటితో పోయినామె మాట్లాడుతుంది. కూతురు రెండు మాటలు అడుగుతుంది, తల్లి జవాబు చెప్తుంది. చచ్చినవాళ్ళకు అబద్ధం రాదు కాబట్టి అదే చివరి మాట. మడత విప్పుకోని చీర ఉన్న ఇంటి పిల్లను ఎవరూ చేసుకోరు. తల్లి ఉసురు పిల్ల వెంట వస్తుందని భయం.

ఎల్లుండి పంకజాక్షి కూతురు పల్లవి పెళ్ళి. రేపు పొద్దున పెళ్ళికొడుకు మునిశేఖర్ అవ్వ చెంగమ్మ సూళ్లూరుపేట నుంచి వచ్చి ఆ చీరను కళ్ళారా చూడాలి.

“రేపటికీ ఇట్లనే ఉంటే దీన్ని తడ బస్సు ఎక్కించేయ్” అంది సుబ్బులమ్మ. తడ మోహన పుట్టిల్లు. “పాపను పెంచినానని పీటల కాడికి వచ్చేది లేదు. ఆ బిళ్ళ నాకియ్యమను. నా తల్లిని నేనే బతిమాలుకుంటా.”

తలుపు వెనక నుంచి పల్లవి, అవ్వా గమ్మునుండు అంది. ఎవరూ వినిపించుకోలేదు.

మోహన మారు మాట్లాడలేదు. మాట్లాడకపోవడానికి ఆమె కారణం ఆమెకు ఉంది. రెండు వారాల కిందట, బిళ్ళకు మెరుగు పెట్టిస్తానని ఏకాంబరం అడిగి తీసుకున్న రోజు పొద్దున, ఆమె పంకజాక్షితో గట్టిగా పోట్లాడింది. పెళ్ళి పందిట్లో పల్లవి పక్కన ఎవరు నిలబడాలన్న దాని మీద మాటా మాటా పెరిగింది. జడలు వేసింది నేను, జ్వరాలకు మేలుకున్నది నేను, ఈ ఒక్క పూటైనా నన్ను తల్లిగా నిలబడనియ్యక్కా, చచ్చిపోయినదానివి చచ్చిపోయినట్టు ఉండు అనేసింది. బిళ్ళ మెరుగుతో తిరిగి వచ్చింది. అక్క మళ్ళీ పలకలేదు. తన నోటి దురుసు వల్లే చీర ముట్టడం లేదని మోహన నమ్మింది. అందుకే అత్త ఏమన్నా పడి ఉంది.

ఇప్పుడు బిళ్ళ ఇచ్చేద్దామని దారం తీసి, చివరిసారి దాన్ని తిప్పి చూసింది. చూసి అలాగే నిలబడిపోయింది.

బిళ్ళ వెనక పంటి గాటు లేదు.

ఆ ఇంటికి వచ్చిన కొత్తల్లో పల్లవి ఆమె గుండెల మీద పడుకుని, బిళ్ళను నోట్లో పెట్టుకుని నిద్రపోయేది. ఒక రాత్రి కలలో ఏడుస్తూ దాన్ని కొరికింది. పల్చటి బంగారం, గాటు పడింది. సుబ్బులమ్మ తిడుతుందని మోహన అది ఎవరికీ చూపలేదు. ఎంత మెరుగు పెట్టినా అది పోయే గాటు కాదు.

ఆమె బిళ్ళను గుప్పిట్లో మూసుకుంది. వచ్చి ఇస్తానత్తా అని, చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచింది. వెనక నుంచి సుబ్బులమ్మ తిట్లు మలుపు దాకా వినపడ్డాయి.

కంసాలి ధనంజయ కొట్టు గాంధీ రోడ్డు వెనక సందులో ఉంది. మోహనను చూడగానే అతను కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

“ఇది యాడిదన్నా?” అని ఆమె బిళ్ళను బల్ల మీద పెట్టింది.

అతను చుట్టు తిప్పి చెప్పాడు. ఏకాంబరం వచ్చాడట. పెళ్ళిలో సంబంధం వాళ్ళు చూస్తారు, పాతది మరీ పల్చగా ఉంది, ఇంకాస్త బరువుగా కొత్తది చెయ్యమన్నాడట. అది తయారయ్యాక పాతదాన్ని కరిగించమని తెచ్చాడట. అలా మార్పించడం అందరూ చేసేదే. కానీ దానికో పద్ధతి ఉంది. పాత బిళ్ళనూ కొత్త బిళ్ళనూ ఒకే గిన్నెలో పాలల్లో వేసి, ఇంటి పెద్ద పేరు పెట్టి పిలిచి, ఆమెను దీంట్లోంచి దాంట్లోకి రమ్మనాలి. పిలుపు అయ్యాకే పాతది నిప్పు మీదికి పోవాలి. ఆ సంగతి ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

“నేను అడిగితి. పిలుపు అయిందా అప్పా అని. కొత్తది ఇంట్లో పెట్టుకోని పిల్చేసినాము, పాతది వొట్టిది అనె. నమ్మితిని.”

“చేత్తో పట్టుకుంటే తెలీదా అన్నా నీకు?”

ధనంజయ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత బంగారం కరిగించే మూస వైపు చూస్తూ అన్నాడు. “రవంత వెచ్చగా ఉన్నింది. ఎండలో తెచ్చినాడు గదా, దానికే అనుకుంటిని.”

అనుకోలేదని ఇద్దరికీ తెలుసు. తన పేరు ఎక్కడా చెప్పొద్దని అతను బతిమాలాడు. మోహన బిళ్ళ తీసుకుని మెట్లు దిగింది. అక్క అలగలేదు. తనను చచ్చిపోయినదానివి అన్న ఆ మాట వినే నిప్పులోకి పోయింది. నడి బజారులో, గుండు చేయించుకుని టోపీలు కొంటున్న యాత్రికుల మధ్య, మోహనకు ఏడుపు ఆగలేదు. ఎవరో యాత్రికురాలు ఆమెను పక్కకు తీసి, దర్శనం దొరకలేదా తల్లీ అని అడిగింది.

ఏకాంబరం పనిచేసే లాడ్జి బస్టాండు దగ్గర. కౌంటరు ముందు గదుల కోసం జనం కిటకిటలాడుతున్నారు. అతను ఆమె ముఖం చూసి, తాళాలు పక్కవాడికి ఇచ్చి, దుప్పట్లు పెట్టే గదిలోకి నడిచాడు. అక్కడ గట్టిగా అరవడానికి లేదు, గోడ అవతల వరసలో జనం ఉన్నారు.

“అక్క యాడ?” అంది మోహన.

అతను దిండు గలీబుల దొంతర సరి చేశాడు.

“పాతదాంట్లో నుంచి పిల్చినారా లేదా?”

“లేదు.”

“మర్చిపోయినారా?”

అవునని ఉంటే ఆమె నమ్మేది. నమ్మడానికి సిద్ధంగానే వచ్చింది. పెళ్ళి పనుల్లో పడి మగవాడు మర్చిపోవడం వింత కాదు, దానికి ఏడ్చి, ఇంటిల్లిపాదీ తలలు బాదుకుని, ఎలాగో ఒకలా బతకవచ్చు. ఏకాంబరానికి కూడా ఆ దారి కనపడింది. కానీ ఇన్నేళ్ళు మోసి మోసి విసిగిపోయినట్టున్నాడు.

“మర్చిపోలేదు” అన్నాడు.

తర్వాత అతను గోడ వైపు తిరిగి చెప్పాడు. బ్రహ్మోత్సవాల రోజులట. లాడ్జి నిండిపోయి, వరండాల్లో కూడా చాపలు వేసిన రోజులు. పొద్దున పంకజాక్షి కడుపు నొప్పని ఫోన్ చేసింది. మాత్ర వేసుకో, సాయంత్రం వస్తానన్నాడు. మధ్యాహ్నం మళ్ళీ చేసింది.

“మళ్ళా చేసిందా, ఎత్తలేదు. మళ్ళా చేసింది. ఆ పొద్దు నాకు కోపం వచ్చి ఫోన్ ఆపేసి సొరుగులో పెట్టినా.”

సాయంత్రానికి కడుపులో పేగు పగిలి, ఆస్పత్రికి చేర్చేసరికి ఆలస్యమైపోయింది. వచ్చినవాళ్ళందరికీ అతను ఒక్కటే మాట చెప్పాడు. నొప్పి దాచుకుంది, ఎవరికీ చెప్పలేదు. సుబ్బులమ్మ దాన్ని పట్టుకుని కోడలిని మహాతల్లిని చేసింది. పల్లవి కూడా ఆ మాట మీదే పెరిగింది, మా అమ్మ నొప్పి చెప్పని మనిషి అని.

మోహన ఒకటి రెండుసార్లు పంకజాక్షిని అడిగింది, ఎందుకక్కా దాచుకున్నావు అని. పాప పెండ్లప్పుడు చెప్తాలే అనేది ఆమె. అంతకు మించి ఒక్క మాట రాలేదు.

“రేపు పల్లవి అడుగుతుంది గదా, మనసులో ఏమన్నా ఉండాదా అని” అన్నాడు ఏకాంబరం. “దాని నోట అబద్ధం రాదు. నా కూతురి ముందర, సంబంధం వాళ్ళ ముందర నేనేం కావల్ల?”

“ఆయమ్మకు మిగిలింది ఆ ఒక్క మాటే. దాని కోసరం ఇన్నేండ్లు నా మెడలో కాచుకోని ఉన్నింది. అది గూడా లేకుండా చేస్తివి నువ్వు.”

పెళ్ళయినప్పటి నుంచి అతన్ని మీరు అనే మనిషి. ఇద్దరూ అది గమనించారు. గోడ అవతల ఎవరో వేడి నీళ్ళు రావడం లేదని గొడవ పడుతున్నారు.

ఏకాంబరం గొంతు తగ్గించాడు. అయ్యిందేదో అయిపోయిందన్నాడు. ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తే పల్లవి పెళ్ళి ఆగిపోతుంది, నన్ను జైల్లో పెట్టినా పంకజాక్షి తిరిగి రాదు అన్నాడు. అదంతా నిజమే. పాపిష్టివాళ్ళ చేతిలో నిజం ఎంత చక్కగా పనికి వస్తుందో చూడండి.

“నీకు పాప పెండ్లి కావల్లనా, వొద్దా?” అని అడిగాడు. “కావల్లంటే రేపు తెల్లార్తో నువ్వే మడత విప్పెయ్. కట్టుకోని కూచో. ఏమీ లేదు, సంతోషమే అను. ఆయమ్మ మాట్లాడే తీరు నీకు తెలిసినట్టు ఇంగెవురికి తెలుసు?”

మోహన తలుపు తీసుకుని బయటికి నడిచింది. ఆటోలో ఇంటికి వచ్చి, అత్త కాళ్ళ దగ్గర కూర్చుని, రేపటి దాకా బిళ్ళ నా దగ్గర ఉండనియ్యి అని బతిమాలింది. పల్లవి అవ్వ చెయ్యి పట్టుకుంది. సుబ్బులమ్మ ముఖం తిప్పుకుంది గానీ సరే అన్నట్టే అనిపించింది. సాయంత్రం దీపం ముందు చీర మళ్ళీ పెట్టారు. పూలు కొత్తవి.

తెల్లవారుతుండగా, ఇంకా ఎవరూ లేవక ముందు, మోహన మడత విప్పింది. కంచి పట్టు కాదు, పంకజాక్షికి నచ్చే మెత్తని నేత చీర. తనే వెళ్ళి ఏరి తెచ్చింది. విప్పుతుంటే గాజులు తాంబాళానికి తగిలి గలగలమన్నాయి. ఆ చప్పుడుకు సుబ్బులమ్మ లేచి వచ్చింది. విప్పుకున్న చీరను చూసి, నేల మీద కూలబడి, నా తల్లీ నా తల్లీ అని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత మొదటిసారిగా కోడలి వైపు చూసి, మొఖం కడుక్కోనిరా, పసుపు పెడతా అంది. అంత మెత్తగా ఆమె మోహనతో ఏనాడూ మాట్లాడలేదు. మోహనకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

చెంగమ్మ పొద్దున బండికి దిగింది. సన్నగా, నిక్కచ్చిగా ఉన్న మనిషి. విప్పిన చీరను వేళ్ళతో తాకి, మంచిది అంది. మంచినీళ్ళు కూడా తాగకుండా చాప మీద కూర్చుంది.

మోహన చీర కట్టుకుని, పసుపు రాసుకుని, దీపం పక్కన కూర్చుంది. మెడలో బిళ్ళ చల్లగా ఉంది. పల్లవి వచ్చి ఎదురుగా కూర్చుని, తల కొంచెం పక్కకు వంచింది.

ఎందుకు వంచిందో మోహనకు తెలుసు. ఆ పిల్లకు జడ వేసే వేళల్లో పంకజాక్షి మోహన చేతిని అడిగి తీసుకుని, కూతురి ఎడమ చెవి తమ్మెను రెండు వేళ్ళతో పట్టుకుని వదిలేది. అంతే. ఆ తాకిడి పిన్నిది కాదని, అమ్మదని పల్లవికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇప్పుడు దాని కోసం ఎదురు చూస్తోంది.

మోహన చెయ్యి ఒళ్ళో నుంచి లేవలేదు. గొంతు అరువు తెచ్చుకోవచ్చు, మాట తీరు అరువు తెచ్చుకోవచ్చు. అది మాత్రం ఆమె వల్ల కాలేదు.

పల్లవి తల ఎత్తింది. మోహన ముఖం చూసింది, కొత్తగా మెరుస్తున్న బిళ్ళను చూసింది, తర్వాత తలుపు దగ్గర నిలబడిన తండ్రిని చూసింది. అతను నేల చూస్తున్నాడు. పిల్ల పెదవులు తెల్లబడ్డాయి.

“అడుగమ్మా” అంది చెంగమ్మ.

పల్లవి నిటారుగా కూర్చుంది. “నా పెండ్లి నీకు ఇష్టమేనా?”

“ఇష్టమే” అంది మోహన, పంకజాక్షి సాగదీసినట్టే మాట చివర సాగదీసి. “నా చీర నేను తీసుకున్నా. మునిశేఖర్‌కు నా బిడ్డను ఇస్తా ఉండా. ఇంగ దీన్ని ఎవురూ తిప్పేది లేదు.”

చెంగమ్మ రెండు చేతులూ జోడించి, మా ఇంటి బిడ్డ అయిపోయింది తల్లీ అని అందరూ వినేలా పలికింది. ఆ మాట పలికాక వెనక్కి తీసుకోవడం ఏ కాలంలోనూ లేదు. ఏకాంబరం గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, కండువాతో మెడ తుడుచుకున్నాడు. అంతా అతను చెప్పినట్టే నడుస్తోంది.

రెండో ప్రశ్న మిగిలింది. పల్లవి మోహన కళ్ళలోకే చూస్తూ ఉండిపోయింది. ఎదురుగా ఉన్నది తల్లి కాదని ఆ పిల్లకు తెలుసు, తెలిసిందని మోహనకు తెలుసు. అరిచి లేచిపోతుందేమో అనుకుంది మోహన.

“మనసులో ఏమన్నా ఉండాదా, అమ్మా?” అంది పల్లవి.

“ఉండాది” అంది మోహన.

సుబ్బులమ్మ ఏడుపు ఆపేసింది. ఏకాంబరం నోరు తెరిచాడు. అది పంకజాక్షి కాదని, మోహన, పల్లవి కాక, అక్కడ చెప్పగలిగినవాడు అతనొక్కడే. చెప్పాలంటే పంకజాక్షి ఏమైందో కూడా చెప్పాలి. దొంగకు తేలు కుట్టినట్టు అలాగే నోరు మూసుకున్నాడు.

“మీ నాయన్ని వచ్చి నా ఎదురుగా కూచోమను” అంది మోహన. “ఆ పొద్దు ఏమి జరిగిందో ఆయప్పనే చెప్పమను. ఆయప్ప చెప్పకపోతే నేను చెప్తా.”

ఏకాంబరం కదల్లేదు. చెంగమ్మ అతని వైపు, మోహన వైపు మార్చి మార్చి చూసింది.

“పోరా” అంది సుబ్బులమ్మ కొడుకుతో, కళ్ళు తుడుచుకుంటూ. “నీ పెండ్లాం పిలస్తా ఉండాది.”

పల్లవి వెనక్కి తిరగకుండానే కొంచెం పక్కకు జరిగి, చాప మీద తండ్రికి చోటు చేసింది.